సున్నాల సలోమి యాభై చుక్కలు

అనగా అనగా, సముద్రం ఊరికి ఇంకా మూడు కేకల దూరంలో ఉన్న రోజుల్లో, ఉప్పుటేటి ఒడ్డున గుల్లలపాలెం అని ఒక పాలెం ఉండేది. ఇప్పుడు సముద్రం ఒక్క కేక దూరానికి వచ్చేసింది. మిగతా రెండు కేకల నేలనూ తినేసింది. ఈ కథ ఎంత పాతదో దాన్నిబట్టి మీరే ఊహించుకోండి, నన్ను మాత్రం అడక్కండి.

ఆ పాలెంలో అరవై గడపలు, ఒక గుడి. గుడి అంటే పెద్దదేం కాదు. మట్టి గోడలు, తాటాకు కప్పు, కప్పు కొసన కొయ్య సిలువ, బయట వేపకొమ్మకు వేలాడే ఒక ఇనప ముక్క. దాన్ని సుత్తితో కొడితే అదే గంట. గుడి వెనకాల సమాధుల దొడ్డి. దొడ్డి అవతల ఏరు. ఏరు అవతల సముద్రం.

ఆ దొడ్డికీ ఏటికీ మధ్య ఒక గుడిసెలో సలోమి అనే ముసలమ్మ ఉండేది. సున్నం కాల్చుకుని బతికేది గనక అందరూ సున్నాల సలోమి అనేవాళ్లు. ఆమెకు తెలిసినవి మూడే పనులు. ఏరేది, కాల్చేది, పూసేది.

ఏట్లో నీరు తీశాక బురదలో దిగి గుల్లలు ఏరేది. లోపలి పురుగు చచ్చి, ఖాళీగా పడి ఉన్న గుల్లలు. వాటిని తెచ్చి బట్టీలో ఊక ఒక వరస, బొగ్గు ఒక వరస, గుల్లలు ఒక వరస పేర్చి కాల్చేది. కాలిన గుల్లల మీద నీళ్లు చిలకరిస్తే అవి బుస్సుమని పొంగి, చిటపటలాడి, విచ్చుకుని తెల్లటి పొడి అయిపోయేవి. "చచ్చినయ్యి గూడా ఎట్టా నవ్వుతున్నయ్యో చూడు" అనేది సలోమి. వినేవాళ్లు ఎవరూ లేకపోయినా అనేది.

ఇక పూసే పని. ఈస్టరుకు వారం ముందొచ్చే మట్టల ఆదివారం నాడు పాలెమంతా ఈతమట్టలు పట్టుకుని, హోసన్నా అని పాడుకుంటూ ఊరేగేవాళ్లు. ఊరేగింపు అయిపోగానే ఆ మట్టల్ని గుడి వెనకాల పారేసి ఎవరి దారిన వాళ్లు కూడు కోసం పోయేవాళ్లు. సలోమి వాటన్నిటినీ ఏరుకునేది. మొదళ్లు మూడు రోజులు నీళ్లలో నానేసి, రాతి మీద పెట్టి చితక్కొట్టి, పీచు తేలాక కుంచెలు కట్టేది. ఈస్టరు ముందు రోజు శనివారం పొద్దుగూకే లోపల ఆ కుంచెలతోనే దొడ్డిలో ఉన్న సమాధులన్నిటికీ సున్నం వేసేది. ఆదివారం తెలతెలవారుతుండగా జనం కొవ్వొత్తులు పట్టుకుని పాటలు పాడుకుంటూ వచ్చేసరికి దొడ్డి దొడ్డంతా వెన్నెల దిగి అక్కడే నిద్రపోయినట్టు ఉండేది.

"నీ వాళ్ల గోరీ ఏదీ సలోమీ?" అని ఎవరన్నా కొత్తవాళ్లు అడిగితే, "అన్నీ నావే" అనేది.

నిజానికి ఆమెకు ఒక్కటి కూడా లేదు. పెళ్లయిన మూడు నెలలకు ఆమె మొగుడు ఏలియా పడవెక్కి సముద్రం మీదికి వెళ్లాడు. పడవ తిరగబడింది. సముద్రం మీద బతికేవాళ్లకు ఒక మాట ఉంది, మునిగినవాడు మూడోనాడు లేస్తాడని. లేస్తాడంటే బతికి లేస్తాడని కాదు నాయనా, శవం పైకి తేలుతుందని. తేలిన మనిషిని ముందు చూసినవాళ్లు "లేచాడు!" అని కేక పెడతారు. ఆ కేక కోసం ఇంటివాళ్లు ఒడ్డునే కూచుంటారు. ఏలియా మూడోనాడు లేవలేదు. ముప్పయ్యోనాడూ లేవలేదు. ఇక లేవలేదు. మనిషి దొరకనిదే సమాధి కట్టడం పాలెంలో ఆచారం కాదు. అందుకని సలోమికి సున్నం వేసుకోవడానికి తనదంటూ ఒక రాయి కూడా లేకపోయింది.

అలాంటి మనిషికీ ఏడాదికి ఒక్క రోజు గొప్ప గర్వంగా ఉండేది. అది ఈస్టరు. ఆ తెల్లవారుజామున గుడి పాస్టరు అయ్యగారు బైబిల్లో వాక్యం చదివేవారు. ప్రభువు సమాధి దగ్గరికి ముగ్గురు ఆడవాళ్లు వెళ్లారని, వాళ్లలో ఇద్దరు మరియలని, మూడో ఆమె సలోమే అని చదివేవారు. ఆ పేరు వినబడగానే వెనక వరసలో నుంచి మన సలోమి చెయ్యెత్తి, "ఆఁ, ఉన్నానయ్యా!" అని గట్టిగా పలికేది.

పాలెమంతా ఘొల్లుమనేది. మొదట్లో అయ్యగార్లు కోప్పడ్డారు. తర్వాత వచ్చినవాళ్లు నవ్వారు. ఆ తర్వాత వచ్చినవాళ్లు, సలోమే అనే మాట దగ్గర కాస్త ఆగి, ఆమె పలికేదాకా చూసి, అప్పుడు ముందుకు చదివేవాళ్లు. సలోమి మాత్రం ప్రతి ఏడూ అంత గట్టిగానూ పలికేది.

"ఎందుకే ఆ అరుపు?" అని అడిగితే, "పిలిచినప్పుడు పలకొద్దా? ఏడాదికి ఒక్కసారేగా పిలిచేది" అనేది.

అలా ఉండగా పాలేనికి సమాధానం అయ్యగారని ఒక కుర్ర పాస్టరు వచ్చాడు. పేరే సమాధానం, అంటే శాంతి. మనిషీ మెత్తనివాడే. ఆయన ఈస్టరు నాడు ఒక కొత్త సంగతి చెప్పాడు.

"అమ్మా, అయ్యా! ఈ పండగ ఒక్క పూటది కాదు. ఇవాళ మొదలుకుని పెంతెకొస్తు దాకా యాభై రోజులు. ఈ యాభై రోజులూ ఎవరు ఎదురైనా 'లేచాడు' అని పలకరించండి. ప్రభువు లేచాడని అర్థం. రెండోవాళ్లు 'నిజంగా లేచాడు' అనాలి."

జనానికి ముచ్చటేసింది. ఆదివారం అంతా లేచాడంటే లేచాడు. సోమవారం నీళ్ల రేవు దగ్గర కాస్త సిగ్గుపడుతూ లేచాడు. మంగళవారానికి వలలు, చేపలు, పోట్లాటలు మళ్లీ మామూలే. మూడునాళ్ల ముచ్చట అన్నట్టే అయింది.

సలోమి ఒక్కతే పట్టు వదల్లేదు. ఆమెకు అంకెలు రావు. అందుకని రోజూ పొద్దున్నే తన గుడిసె ద్వారబంధానికి వేలితో ఒక సున్నపు చుక్క పెట్టేది. పది చుక్కలు ఒక వరస. అలాంటివి అయిదు వరసలు నిండితే పెంతెకొస్తు. చుక్క పెట్టి, సున్నపు ముంత చంకన పెట్టుకుని, వీధి వీధీ తిరిగి గడప గడపకూ "లేచాడమ్మా!" అని కేకేసేది.

మాట మంచిదే. వచ్చిన చిక్కల్లా వినేవాళ్లతోటే. అంత పొద్దున్నే "లేచాడమ్మా" అని వినబడితే ఇంటి ఆడవాళ్లకు ఏమని తోస్తుంది?

"ఏడ లేచాడు సలోమీ! పొద్దు బారెడెక్కినా మంచం దిగడు" అనేది సంఘపెద్ద జెకర్యా పెళ్లాం, లోపల మొగుడికి వినబడేలాగా.

"ఇంకా లేవలా. నువ్వొచ్చి లేపుదూ, నీకు పుణ్యం ఉంటది" అనేది ఇంకొకామె.

"లేచాడు, తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు" అనేది మూడో ఆమె.

పాలెం పాలెమంతా పడీపడీ నవ్వేది. సలోమీ నవ్వేది. వరసగా మూడేళ్లు ఇలాగే గడిచాయి. మాటకు మాట జవాబు ఎవరూ ఇవ్వకపోయినా, యాభై రోజులూ ఆమె గొంతుతోనే పాలెం నిద్రలేచేది.

నాలుగో ఏడు వచ్చింది.

ఆ ఏడు శ్రమల దినాల్లో, ఈస్టరు ఇంకా ఇరవై రోజులుందనగా, రాహేలమ్మ కొడుకు గిద్యోను పడవెక్కి వెళ్లాడు. నడి మధ్యాహ్నం మబ్బు దిగింది. పడవ ఒడ్డుకు వచ్చింది, గిద్యోను రాలేదు. అతనికి పెళ్లయి ఏడాది కూడా నిండలేదు. భార్య పేరు లేయమ్మ. పొరుగూరి పిల్ల, గలగలా మాట్లాడేది, బిందె నెత్తిన పెట్టుకుని చేతులు వదిలేసి నడిచేది.

లేయమ్మ మూడు రోజులు ఒడ్డున కూచుంది. మూడోనాడు కేక వినబడలేదు. నాలుగోనాడు అత్త రాహేలమ్మ చెయ్యిపట్టి ఇంటికి తీసుకొచ్చింది. వచ్చి నులకమంచంలో గోడవైపు తిరిగి పడుకుంది. ఇక లేవలేదు. అత్త నోట్లో పోసిన గంజి రెండు గుక్కలు మింగేది, మిగతాది చెంపల మీదుగా కారిపోయేది. వైద్యుడు వచ్చి నాడి చూసి, "రోగం లేదు. లేవాలని లేదు. ఇట్టాగే ఉంటే వానలు పడేదాకా ఉండదు" అన్నాడు.

ఆ మాట సలోమి చెవిన పడింది. లేయమ్మ పడుకున్న తీరు ఆమెకు తెలుసు. ఆ గోడ ఆమెకు తెలుసు. లోకంలో ఎవరికి తెలియకపోయినా ఆమెకు తెలుసు. ఈ పిల్ల బతకాలి, ఎట్లాగైనా లేవాలి అనుకుంది. తనకోసం ఎన్నడూ ఏమీ అడగని మనిషి ఆ రాత్రి దేవుణ్ణి ఇదొక్కటే అడిగింది.

ఈస్టరు వచ్చింది. దొడ్డంతా తెల్లబడింది. కొవ్వొత్తులు వెలిగాయి. రాహేలమ్మ ఒక్కతే వచ్చింది. ఆమె చేతిలో కొవ్వొత్తి ఉంది గానీ పెట్టడానికి చోటు లేదు. జెకర్యా దగ్గరికి వెళ్లి, "పెద్దయ్యా, నా బిడ్డకి ఒక చోటు చూపించు, రెండు రాళ్లు పేర్చుకుంటా" అంది.

"మనిషి లేని గోరీ ఏంది రాహేలమ్మా? మన పెద్దలు చేసిన పనేనా అది?" అన్నాడు జెకర్యా. దుర్మార్గుడు కాదు, ఆచారం తప్పితే ఏమవుతుందో అని భయపడే మనిషి. రాహేలమ్మ కొవ్వొత్తిని కొంగులో దాచుకుని వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున సలోమి ఎప్పట్లాగే బయల్దేరింది. ఏటి మీద నుంచి మంచు వీధుల్లోకి పాకి, ఇళ్లన్నీ పాలల్లో మునిగినట్టున్నాయి. ఒక గడప, రెండు గడపలు, మూడో గడప రాహేలమ్మది. పడుకున్న పిల్లకు వినబడాలని గొంతు పెంచి మరీ కేక వేసింది.

"లేచాడు! లేయమ్మా, లేచాడే!"

లోపల నులకమంచం కిర్రుమంది. రెండు వారాలకు పైగా కదలని పిల్ల ఒక్క ఉదుటున లేచి, జుట్టు విరబోసుకుని, సలోమిని తోసుకుంటూ బయటికి ఉరికింది. దొడ్డి దాటింది. ఏట్లో మోకాలి లోతున దిగి అవతలికి చేరింది. ఒడ్డంతా ఆ కొస నుంచి ఈ కొసకు పరిగెత్తింది. "ఏడీ? ఏ పక్క లేచాడు? ఎవురు చూశారు?" అని కనబడిన ప్రతివాణ్ణీ పట్టుకుని అడిగింది.

ఎవరూ ఏమీ చూడలేదు. సముద్రం మీద మంచు తప్ప ఇంకేమీ లేదు.

అప్పుడు గాని సలోమికి తను ఏ మాట అన్నదో తెలిసిరాలేదు. గుడి మాట, రేవు మాట ఒకటే అయిపోయాయి. సంతోషం చెప్పబోయి ఆ పిల్ల గుండె చీల్చింది.

లేయమ్మను నలుగురు మోసుకొచ్చి మంచాన పడేశారు. రాహేలమ్మ గుమ్మంలో నిలబడి చెయ్యి ఆడించింది.

"ముసలిదానా! నవ్వులాటకి కూడా హద్దుంటది. ఇంకోసారి ఆ మాట నా గడపలో అన్నావా, నీ సున్నం నీ నోట్లోనే కొడతా!"

జెకర్యా పెద్దలను పిలిచాడు. "ఈ ఏడు ఆ మాట వీధుల్లో వొద్దు. ఎవురూ అనొద్దు. సలోమి అసలే అనొద్దు" అని తీర్పు చెప్పాడు. సలోమి తల వంచుకుని విన్నది.

ఆ మర్నాడు పాలెం ఎవరి కేకా లేకుండా తెల్లవారింది. నవ్విన ఆడవాళ్లకే ఏదో వెలితిగా ఉంది.

సమాధానం అయ్యగారు బట్టీ దగ్గరికి వచ్చాడు. సలోమి చల్లారిన గుల్లల ముందు కూచుని ఉంది.

"ఆ మాట నేర్పింది నేను సలోమమ్మా. తిట్లు నువ్వు తిన్నావు" అన్నాడు.

"మాటలో తప్పు లేదయ్యా. నా నోట్లో ఉంది. ఇప్పుడు నేనేం చెయ్యను? ఆ పిల్ల పోద్దయ్యా. నా కళ్ల ముందే పోద్ది."

అయ్యగారు చాలాసేపు ఆమె గుడిసె ద్వారబంధం వంక చూశాడు. రెండు చుక్కలే ఉన్నాయి, ఆనాటిది లేదు. ఆయన మెల్లగా అన్నాడు:

"పెద్దలు మాట ఆపమన్నారు. చుక్క ఆపమని ఎవరూ అనలేదు గదా."

అంతే. మర్నాడు మసక వెలుతురులో సలోమి రాహేలమ్మ ఇంటికి వెళ్లింది. నోరు విప్పలేదు. ద్వారబంధానికి లోపలి వైపు, మంచం మీద నుంచి కనబడేచోట, వరసగా నాలుగు చుక్కలు పెట్టింది. గడిచిన మూడు రోజులవీ, ఆనాటిదీ. మొక్కినట్టు ఒక్క క్షణం నిలబడి తిరిగి వెళ్లిపోయింది. రాహేలమ్మ పొయ్యి దగ్గర నుంచి చూసింది. ఆ చుక్కల్ని తుడిచెయ్యలేదు.

ఆ మర్నాడు అయిదో చుక్క. ఆ మర్నాడు ఆరోది. ఏరేది, కాల్చేది, పొద్దున్నే వచ్చి చుక్క పెట్టేది. ఒక వరస నిండింది. రెండో వరస నిండింది. సున్నంతో తెల్లబడిన ఆమె పాదాల అచ్చులు దొడ్డి నుంచి ఆ గడప దాకా ఒక దారిలా పడ్డాయి. ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. పొద్దున్నే వాకిలి ఊడ్చే ఆడవాళ్లు ఆ అచ్చుల మీద చీపురు పడకుండా పక్కకు ఊడ్చుకునేవాళ్లు.

ఇరవై ఒకటో చుక్క పెడుతుండగా చీకట్లో నుంచి ఒక గొంతు వినబడింది. ఎండిపోయిన గొంతు.

"ఎందుకు పెడతన్నావ్ అయ్యి?"

సలోమి చెయ్యి ఆగిపోయింది. లేయమ్మ గోడవైపు లేదు. ఇటు తిరిగి చూస్తోంది.

"పండగ తల్లీ. యాభై రోజుల పండగ."

"నాకేం పండగ? నాకు గోరీ కూడా లేదు."

సలోమి గడపలోనే చతికిలబడింది. ముంత పక్కన పెట్టుకుంది.

"నాకూ లేదు తల్లీ. నీ అంత వయసప్పుడు నేనూ ఒడ్డున కూచున్నా. లేచాడని ఎవురన్నా అరుస్తారేమోనని చెవులు రిక్కించుకుని కూచున్నా. ఏడాది పొడుగూతా గోడకేసి తిరిగి పడుకున్నా. నన్ను లే అన్నోళ్లు లేరు. ఎట్టా లేచానో నాకే తెలవదు. దాహమేసి లేచినట్టున్నా. అందుకే నీ దగ్గరికొచ్చా. నువ్వు నా మాదిరి ఏడాది పడుకోగూడదని వొచ్చా."

లేయమ్మ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడం లేదు.

"వాక్యంలో ఆ ముగ్గురాడోళ్లున్నారే," అంది సలోమి, "వాళ్లలో ఒకామెది నా పేరే. వాళ్లకి గోరీ ఉంది. లోపల మనిషే లేడు. శవం దొరకలేదని ఏడ్చారంట. నీ మాదిరే, నా మాదిరే. దొరకలేదు గదమ్మా, అందుకే గదా మనకీ పండగ! దొరికుంటే ఏడుపే ఉండేది."

ఏటి మీద కొంగలు లేచిన చప్పుడు వినబడింది.

"మా ఆయన మళ్లీ కనబడతాడా, సలోమత్తా?"

"ఏమో తల్లీ, నేను చదువుకున్నదాన్ని కాదు. సున్నం కాల్చేదాన్ని. లోపల ఖాళీ అయినాకే గుల్ల నా చేతికొస్తది. కాలినాకే తెల్లబడతది. నాకు తెలిసింది అంతే."

లేయమ్మ ఆ రోజు లేవలేదు. కథల్లో లేచినట్టు చటుక్కున లేస్తారా మనుషులు? కానీ ఆ పూట గంజి అడిగి తాగింది. మర్నాడు చుక్క పెట్టే వేళకు కళ్లు తెరుచుకునే ఉంది. ఆ మర్నాడు, "ఇది ఎన్నోదత్తా?" అని అడిగింది. సలోమికి తెలియదు గదా, లేయమ్మే లెక్క చెప్పింది. అలా మూడో వరస నిండింది. నాలుగో వరస నిండింది. పొద్దున్నే ఇద్దరూ ఆ చుక్కల్ని చూసుకుంటూ కాసేపు కూచునేవాళ్లు. ఒకరు గడపలో, ఒకరు మంచంలో.

నలభై ఏడో చుక్క పెట్టి వెళ్లిన రోజు సాయంత్రం సలోమి బట్టీ దగ్గర పడిపోయింది. ఎలా పాకి గుడిసెలోకి చేరిందో, చాప మీద పడుకుంది. మర్నాడు తెల్లవారింది. లేవబోయింది. కాళ్లు లేవలేదు. తలుపు సందులో నుంచి మంచు లోపలికి వస్తోంది. తెల్లగా, మెత్తగా, సున్నం కలిపిన నీళ్లలాగా.

"అయ్యో, పిల్ల చూస్తుంటదే. ఇయాళ చుక్క లేదే" అనుకుంది. దిగులేసింది. ఇన్నాళ్లూ చేసింది ఈ ఒక్క పూటతో పోతుందేమో, పిల్ల మళ్లీ గోడవైపు తిరుగుతుందేమో అని భయమేసింది. లేచి వెళ్లే శక్తి లేదు. కళ్లు మూతలు పడ్డాయి.

అడుగుల చప్పుడు. తడబడుతున్న అడుగులు. నాలుగడుగులు వేసి ఆగి, మళ్లీ నాలుగడుగులు. తలుపు తెరుచుకుంది. మంచులో ఎవరో నిలబడ్డారు. మొహం కనబడలేదు.

"ఎవురూ? ఏలియా?"

"నేనత్తా. లేయమ్మని. చుక్క పెట్టలేదేమని చూడొచ్చా."

సలోమి కళ్లు పెద్దవి చేసుకుని చూసింది. పిల్ల ద్వారబంధం పట్టుకుని ఒగరుస్తోంది. కాళ్లకు బురద.

"లేచావా, లేయమ్మా?"

"లేచానత్తా."

సలోమి నవ్వింది. బట్టీ దగ్గర కాలిన గుల్లల మీద నీళ్లు పడ్డప్పుడు నవ్వినట్టు నవ్వింది.

"ఇంకెన్ని మిగిలినయ్యే?"

"మూడు."

"ఆ ముంత తీసుకో. నాకు బదులు నువ్వు పెట్టు. మీ ఇంటికే కాదు, ఇంటింటికీ పెట్టు."

ఆ రోజు లేయమ్మ సున్నపు ముంత చంకన పెట్టుకుని అరవై గడపలకూ చుక్క పెట్టింది. మాట్లాడలేదు. జనం గుమ్మాల్లోకి వచ్చి, వీధిలో నడుస్తున్న ఆ పిల్లను చూసి నోళ్లు తెరిచారు. రాహేలమ్మ ఆమె వెనకాలే కొంగు నోట్లో కుక్కుకుని నడిచింది. రెండో రోజూ అంతే. చుక్క పెట్టింది, మాట్లాడలేదు. అత్తాకోడళ్లు వంతులవారీగా సలోమి పక్కన కూచుని గంజి పోశారు. ఈసారి గంజి చెంపల మీదుగా కారిపోయింది సలోమికి.

మూడో రోజు పెంతెకొస్తు ఆదివారం. ఇంకా గంట కొట్టలేదు. సలోమి చాప మీద పడుకుని తలుపు వైపు చూస్తోంది. పాలెం ఆ చివర నుంచి, ఎక్కడో కలలో నుంచి వచ్చినట్టు ఒక గొంతు వినబడింది. జెకర్యా ఇంటి దగ్గర.

"లేచాడు, పెద్దయ్యా!"

ఎవరికోసం ఆ మాట వద్దన్నారో ఆ పిల్లే అంటోంది. అటువైపు నుంచి ముసలి జెకర్యా గొంతు వచ్చింది.

"నిజంగా లేచాడు తల్లీ! నిజంగా లేచాడు!"

పక్కింటి దగ్గర, "లేచాడమ్మా!" ఈసారి ఎవరూ మొగుడి నిద్ర గురించి చెప్పలేదు. "నిజంగా లేచాడు!" ఆ పక్కింటి దగ్గర, "లేచాడు!" "నిజంగా లేచాడు!" అలా గడప గడపా దాటుతూ, ఒక వీధి, రెండు వీధులు, మూడు వీధులు తిరిగి, ఆటుపోటుకు ఏరు పొంగి వచ్చినట్టు ఆ మాట సలోమి గుడిసె దాకా వచ్చింది. ఇన్నేళ్లుగా ఒక్కతే అన్న మాట అరవై ఇళ్ల నోట తిరిగొచ్చింది.

లేయమ్మ లోపలికి వచ్చి పక్కన కూచుంది. వేళ్లన్నీ తెల్లగా ఉన్నాయి.

"అన్నీ తిరిగొచ్చానత్తా. యాభై నిండినయ్."

"ఏమన్నావే?"

"లేచాడన్నాను."

"వాళ్లేమన్నారు?"

"నిజంగా లేచాడన్నారు."

సలోమి తల ఊపింది. అప్పుడే గుడి గంట మోగింది. ఆమె తలుపు వైపు చూసింది. అక్కడ ఎవరూ లేరు, ఎండ తప్ప. ఎవరో తన పేరు పెట్టి పిలిచినట్టు ఆమె మొహం విప్పారింది. చెయ్యి పైకెత్తింది.

"ఆఁ, ఉన్నానయ్యా!" అంది, గట్టిగా, ఈస్టరు నాడు అన్నంత గట్టిగా.

చెయ్యి మెల్లగా లేయమ్మ ఒళ్లో వాలింది.

సలోమిని సమాధుల దొడ్డిలో ఏటివైపు కొసన పెట్టారు. హోసన్నా మట్టల కుంచెతో లేయమ్మే సున్నం వేసింది. వేశాక జెకర్యా ముందుకొచ్చి, చేతికర్రతో సలోమి సమాధి పక్కన నేల మీద ఒక చదరం గీశాడు. "ఇక్కడ ఇంకోటి కట్టండి. లోపల ఎవురూ వొద్దు. సముద్రం ఉంచుకున్నోళ్లందరిదీ ఇదే" అన్నాడు. రాహేలమ్మ కొంగులో దాచిన కొవ్వొత్తిని ఆ రోజు అక్కడ వెలిగించింది. లేయమ్మ ఆ బట్టీలోనే సున్నం కాల్చుకుంటూ ముసలిదయ్యేదాకా బతికింది. మళ్లీ పెళ్లి చేసుకుందని కొందరంటారు, లేదని కొందరంటారు. నాకు తెలియదు గనక చెప్పను.

ఇప్పటికీ ఆ తీరంలో ఈస్టరు తెల్లవారుజామున మొదటి కొవ్వొత్తి ఆ ఖాళీ సమాధి మీదే పెడతారు. అప్పట్నుంచి యాభై రోజులూ ప్రతి ద్వారబంధానికీ రోజుకొక సున్నపు చుక్క పెడతారు. దుఃఖంతో మంచం పట్టినవాళ్ల ఇంటికి పాలెంవాళ్లు వెళితే బోధలు చెయ్యరు. లోపలి వైపు ఒక చుక్క పెట్టి, గడపలో కాసేపు కూచుని వస్తారు. పెంతెకొస్తు నాటి పొద్దున దొడ్డి నుంచి వీధుల్లోకి తెల్లటి పాదాల అచ్చులు కనబడతాయంటారు. కొంగల రెట్టలే అనేవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లు మాత్రం వాటి మీద చీపురు వెయ్యరు.

ఇంకొక ఆచారం ఉంది. కొత్తగా వచ్చిన అయ్యగార్లు ఉలిక్కిపడేది దానికే. ఈస్టరు వాక్యం చదువుతూ ఆ ముగ్గురు ఆడవాళ్ల పేర్ల దగ్గరికి వస్తారు. మొదటి మరియ. రెండో మరియ. సలోమే. అంతే, గుడి గుడంతా, పాలుతాగే బిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు, చెవులు వినబడని ముసలివాళ్లు, కడుపాకలితో పండగ పలావు కోసం చూస్తున్న పిల్లలు, అందరూ ఒక్కసారిగా చెయ్యెత్తుతారు.

"ఉందయ్యా!" అంటారు.